పన్నెండోసారి ఢిల్లీ

రావమ్మత్త పదకొండుసార్లు ఢిల్లీ వెళ్లింది. పదకొండుసార్లూ ఆమె చూసింది ఒక ధర్మశాల వెనక పెరడు, పెరట్లో ఒక కుళాయి, కుళాయి వెనక గోడ మీద ఎవరో బొగ్గుతో రాసిన హిందీ అక్షరాలు. అంతే.

ఆమె యాత్ర బస్సులో వంటమనిషి. ఏడాదికి రెండు మూడుసార్లు విజయవాడలో బయల్దేరి కాశీ, ప్రయాగ, హరిద్వారం, ఢిల్లీ, ఆగ్రా తిప్పి తీసుకొచ్చే బస్సు అది. నలభైమంది యాత్రికులు, ఇద్దరు డ్రైవర్లు, ఒక మేనేజరు, వంటకు రావమ్మత్త. చివరి రెండు ట్రిప్పులకూ ఆమెకు సాయంగా నేను వెళ్లాను. అక్కడి బియ్యం మనవాళ్లకు పడదని బస్సు పైన మన బియ్యం బస్తాలు కట్టుకుంటాం. డిక్కీలో గ్యాసు పొయ్యిలు, గుండిగలు, కూరగాయల బుట్టలు. వాటి మధ్య ఒక ఇనప్పెట్టె. పప్పులు, నెయ్యి, జీడిపప్పు, చింతపండు, పచ్చళ్ల జాడీలు, చివరికి ఉప్పు కూడా ఆ పెట్టెలోనే. దాని తాళంచెవి ఎప్పుడూ రావమ్మత్త రొంటిన ఉంటుంది.

ఏ ఊళ్లో బస్సు ఆగినా యాత్రికులు చూడటానికి దిగుతారు, మేము వండటానికి దిగుతాం. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆకులు వేసి ఉండాలి. వాళ్లు తిని నడుం వాల్చాక మేం గిన్నెలు తోముకోవాలి. తెల్లారితే మళ్లీ ప్రయాణం. కాశీలో గంగను మాత్రం బాగా చూశాం. నీళ్లు అక్కడినుంచే మోసుకొచ్చాం.

మాది ఉయ్యూరు దగ్గర ఊరు. పంచదార ఫ్యాక్టరీ కూత మా ఇళ్లకు వినపడుతుంది. రావమ్మత్త మా పక్కింటావిడ. చుట్టరికం లేకపోయినా నాకు పుట్టినప్పటినుంచీ అత్తే. ఆమె వంట నేర్చుకుంది ఇంట్లో కాదు, చెరుకు తోటల్లో. చెరుకు కొట్టే కాలంలో నలభై యాభైమంది కూలీలు ముఠాగా వచ్చి గట్ల మీదే దిగేవాళ్లు. వాళ్లకు మూడు రాళ్ల పొయ్యి మీద వండిపెట్టేది. ఎంత బియ్యం పోయాలని అడిగితే చెప్పలేదు. మనుషుల వంక ఒకసారి చూస్తుంది, గిన్నె ముంచుతుంది, సరిపోతుంది. అందుకే తలకాయలు లెక్కపెట్టడం ఆమెకు అలవాటైపోయింది. పెళ్లికి వెళ్లినా, సినిమాకు వెళ్లినా కూర్చోగానే ఆమె పెదవులు కదులుతుంటాయి. కాసేపటికి, “నూట పన్నెండు ఆకులు” అంటుంది నాతో మెల్లగా. ఎవరూ అడగకపోయినా సరే.

పార్లమెంటు అబద్ధం మొదలుపెట్టింది మాత్రం ఆమె కాదు. ఆమె మొగుడు నాంచారయ్య మావయ్య. ఒకప్పుడు చెరుకు బళ్లు తోలిన మనిషి, నడుం నొప్పితో మానేశాడు. పొద్దున్నే టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చుంటాడు. ఎవరో ఢిల్లీ మాటెత్తితే, “మా ఆవిడ పార్లమెంటు లోపలికి పోయొచ్చింది” అన్నాడట. ఆ సాయంత్రం నలుగురు ఆడవాళ్లు ఆమె గుమ్మంలోకి వచ్చారు, ఎలా ఉంటుందో చెప్పమని. మొగుడి మాట తీసెయ్యలేక, యాత్రికులు భోజనాల దగ్గర మాట్లాడుకున్న మాటలు పోగేసి చెప్పింది. గుండ్రటి మేడ అనీ, పచ్చటి తివాచీ అనీ, ఫ్యాన్లు నేల మీంచి స్తంభాల్లా లేచి తలకిందులుగా తిరుగుతాయనీ. ప్రధానమంత్రి ఎత్తైన కుర్చీలో కూర్చుంటే అందరూ చేతులు కట్టుకుని నిలబడతారని తన సొంతంగా ఒకటి కలిపింది. అది అందరికీ బాగా నచ్చింది. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకీ కథ కాస్త పెరిగింది.

1998 జూన్ చివర్లో మా ఊరి బడి హెడ్మాస్టరు బాలశౌరి గారు సైకిల్ మీద వాళ్లింటికి వచ్చారు. నేను అప్పుడు అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తున్నాను.

“రావమ్మ గారూ, స్వాతంత్ర్యం యాభై ఏళ్ల సంబరాలు ఈ ఆగస్టు పదిహేనుతో అయిపోతాయి. ఏడో తరగతి పాఠంలో పార్లమెంటు ఉంది. పుస్తకంలోది నేను చెబుతాను. కళ్లతో చూసినవాళ్లు మన ఊళ్లో మీరొక్కరే. జెండా ఎగరేశాక పిల్లలకు ఓ పది నిమిషాలు చెప్పండి.”

“పదేంటండీ, గంట చెబుద్ది” అన్నాడు మావయ్య మంచం మీంచి.

ఆమె తలూపింది. సైకిల్ సందు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని మునగ రెబ్బ తీసుకుంది. దూయటం లేదు, ఊరికే పట్టుకుంది.

“టీకొట్టు కాడ చెప్పటం వేరే మణెమ్మా. అక్కడ అందరూ అబద్ధాలే చెబుతారు, ఎవడిది వాడికి సరిపోద్ది. ఇది బళ్లో. జెండా కింద. పిల్లలు రాసుకుంటారు.”

“చెప్పలేనని కబురు పంపు అత్తా.”

“రాసుకుని పరీక్షలో పెడతారు. నా అబద్ధానికి వాళ్లకి మార్కులు పోతయ్.” రెబ్బ కింద పెట్టింది. “చెప్పలేననటం ఎందుకు? వచ్చే నెల ఎట్టాగూ పోతన్నాం గదా. చూసొచ్చి చెబుతా.”

పదకొండుసార్లు కుదరనిది పన్నెండోసారి ఎలా కుదురుతుందని నేను అడగలేదు. నేను ఎవరినీ ఎక్కువ అడిగే మనిషిని కాదు. అమ్మకు జబ్బు చేసి తొమ్మిదిలో బడి మానేసినప్పటినుంచీ నాకు మాట్లాడటం కంటే చూడటమే తేలిక.

యాత్రల ఆఫీసు విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడ మీద. నా ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా వస్తాయని మేనేజరు ఎల్లారావు గారు యాత్రికుల జాబితా నాతో రాయించేవారు. పార్లమెంటు చూడాలంటే ముందుగా అందరి పేర్లూ, తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఊరు రాసి ఢిల్లీలో ఎంపీ గారి ఇంటికి పంపాలి. వాళ్లు పాసులు ఇప్పిస్తారు. ఆ జాబితాలో వంటవాళ్ల పేర్లు ఎప్పుడూ ఉండవు.

నేను నలభయ్యో పేరు రాస్తుంటే రావమ్మత్త వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

“ఆగమాకు. నలభై ఒకటి నా పేరు రాయి. నలభై రెండు నీది.”

ఎల్లారావు గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. “ఏంటి రావమ్మా, నువ్వు కూడా పార్లమెంటుకా? ఏ నియోజకవర్గం?”

“వంటిల్లండీ. పదకొండుసార్లు గెలిచా, ఇంకా లోపలికి రానియ్యలేదు.”

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. దాంతో ఆయన నవ్వు ఆపి, “మరి వంటెవరు చేస్తారు?” అన్నారు.

“నేనే.”

“అక్కడా నువ్వే, ఇక్కడా నువ్వేనా? ఎట్లా కుదురుద్ది?”

“అది నా సంగతండీ. ఇన్ని ట్రిప్పుల్లో ఒక్క పూటన్నా ఎవర్నయినా ఖాళీ ఆకు ముందు కూర్చోబెట్టానా?”

“లేదనుకో.”

“మరింకేం. రాయవే.”

“రాసుకోండి. కానీ అన్నం టైముకి తేడా వచ్చిందో, పాసు చించి పారేస్తా” అన్నారు ఆయన. నేను అప్పటికే రాసేశాను. నా పేరు నేను ఇంగ్లీషులో రాసుకుని నాలుగేళ్లయింది. చివరి అక్షరం కాస్త వంకరపోయింది.

జులై ఎండల్లో బస్సు బయల్దేరింది. దారి పొడుగునా ఆమె వంట చేస్తూ లెక్కలు కట్టుకుంది. ఢిల్లీలో రెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకు పాసులు. మామూలుగా అయితే ఒంటిగంటకు ధర్మశాలలో వేడివేడిగా భోజనాలు. నలభైమందికి వడ్డించి, ఎత్తి, కడిగేసరికి మూడున్నర. అక్కడే చిక్కు. అందుకని భోజనం పొద్దున్నే వండి బస్సులో పెట్టుకుని, ఇండియా గేటు దగ్గర పచ్చిక మీద వడ్డించాలనుకుంది. అక్కడినుంచి పార్లమెంటు దగ్గరే.

మొదటి రోజు సాయంత్రం అందరికీ ఉప్మా పెడుతూ ఈ మాట చెప్పింది. పామర్రు వైపు నుంచి వచ్చిన గంగాప్రసాద్ గారని ఒక పెద్ద రైతు, ఆకు మీంచి చెయ్యి తీశారు.

“పొద్దున వండింది మధ్యాహ్నం తినాలా? యాత్రలో చద్ది తింటాడా ఎవడన్నా? ఇంట్లోనే తినం.”

ఇంకో ఇద్దరు ముగ్గురు అవునన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఎల్లారావు గారు నేను ముందే చెప్పలేదా అన్నట్టు ఆమె వంక చూశారు. ఈ పట్టింపు మావైపు చాలా ఇళ్లలో ఉన్నదే. కాశీకి వెళ్లేవాళ్లలో మరీ ఎక్కువ.

రావమ్మత్త గరిటె దించలేదు, గొంతూ పెంచలేదు. “చద్దన్నం పెడతానని ఎవరన్నారు బాబుగారూ? పులిహోర, దద్ధ్యోజనం చేస్తా. మన బెజవాడ కొండ మీద అమ్మవారి గుళ్లో పులిహోర ఎప్పుడు వండుతారు?”

“తెల్లారకట్ట.”

“మీరు మధ్యాహ్నం పోతే దొప్పలో పెడతారు. చద్దిదని పారేసి వచ్చారా ఎప్పుడన్నా?”

గంగాప్రసాద్ గారి పక్కన కూర్చున్న హైమవతి టీచరు నవ్వేశారు. ఆవిడ గుడివాడలో హిందీ చెప్పి రిటైరయ్యారు. “గెలిచిందండీ వాదన. ఈవిణ్ణి పార్లమెంటుకి పంపక తప్పదు.”

“పులిహోరలో ఆవ పెడతావా?” అన్నారు గంగాప్రసాద్ గారు కాసేపటికి.

“ఆవ పెడతా. ఇంగువ కూడా.”

“అట్లాగైతే సరే” అని మళ్లీ ఉప్మాలో చెయ్యి పెట్టారు.

మర్నాడు నాలుగింటికే లేచాం. రెండు గుండిగల అన్నం వార్చి, ఉతికిన దుప్పటి మీద పరిచి ఆరబెట్టాం. చింతపండు గుజ్జు, ఆవ ముద్ద, పోపు ఆమె ఒక్కతే కలిపింది. ఆ పనికి నన్ను రానివ్వదు. పెరుగన్నంలో అల్లం, కొత్తిమీర తరిగి వేయటం నా పని. తొమ్మిదింటికి గిన్నెలు మూత కట్టి డిక్కీలో ఎక్కాయి. వాటి వెనకే మేమూ ఎక్కాం. వంటవాళ్లు బస్సులో ఊరు చూడటానికి ఎక్కడం అదే మొదటిసారి. ఎర్రకోట ముందు బస్సు ఆగితే, యాత్రికులు లోపలికి పోయి వచ్చేదాకా కిటికీలోంచి చూశాం. “ఇంత గోడ కట్టినోళ్లకి వంటెవరు చేశారో” అంది అత్త.

పన్నెండింటికి ఇండియా గేటు పచ్చిక మీద విస్తళ్లు వేశాం. ఆమె ఆ గేటు వంక ఒకసారి తలెత్తి చూసింది, చేతిలో పెరుగన్నం గరిటెతో. ఎవరో “రావమ్మా, ఇటు పులిహోర” అన్నారు. తల దించేసింది. గంగాప్రసాద్ గారు మూడుసార్లు పెట్టించుకున్నారు. ఒంటిగంటంబావుకల్లా ఆకులు ఎత్తేశాం. గిన్నెలు అలాగే డిక్కీలో పెట్టేసి, ఆమె బస్సు వెనకసీటులో తెర కట్టుకుని చీర మార్చుకుంది. పచ్చటి మంగళగిరి నేత చీర, జానెడు అంచు. విజయవాడలో బయల్దేరినప్పటినుంచీ బియ్యం బస్తాల కింద మడతపెట్టి ఉంచింది, ముడతలు పడకుండా.

బస్సు మమ్మల్ని దించి, పోలీసులు చూపించిన చోటికి దూరంగా వెళ్లిపోయింది. పాసులిచ్చే ఆఫీసు ముందు బారు తీరాం. అందరి పేర్లూ పిలిచారు. “రావమ్మ” అన్నప్పుడు ఆమె, “ఉన్నానండీ” అని తెలుగులోనే గట్టిగా పలికింది. పాసు తీసుకుని నాకిచ్చి చదివించుకుంది. “నా పేరేనా?” “నీదే అత్తా.” మళ్లీ తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది.

తలుపు చట్రంలాంటి దానిలోంచి ఒక్కొక్కరే నడవాలి. ఆమె నడవగానే అది మోగింది. ఒక ఆడ కానిస్టేబులు ఆమెను పక్కకు పిలిచి తడిమి చూసింది. రొంటిలోంచి ఒక అగ్గిపెట్టె, జానెడు కత్తిపీట ముక్కలాంటి కూరగాయల చాకు, ఇనప్పెట్టె తాళంచెవి వచ్చాయి. ఆ కానిస్టేబులు చాకు ఎత్తి చూపించి ఏదో అడిగింది.

“బెండకాయలకి” అంది రావమ్మత్త.

హైమవతి టీచరు ముందుకొచ్చి హిందీలో చెప్పారు, ఈమె మా వంటామె, ఇవన్నీ ఆమె నడుమునే ఉంటాయని. కానిస్టేబులు నవ్వింది. కానీ లోపలికి కాగితం ముక్క తప్ప ఏదీ తీసుకెళ్లకూడదంది. అగ్గిపెట్టె అక్కడ డబ్బాలో పడేయాలి. చాకు, తాళంచెవి పక్కనున్న బల్ల దగ్గర ఇచ్చి, బిళ్ల తీసుకోవాలి.

అగ్గిపెట్టె పడేసింది. బల్ల దగ్గరికి వెళ్లాం. బల్ల వెనక సంచులు, కెమెరాలు, గొడుగులు, తాళాల గుత్తులు కుప్పగా పడి ఉన్నాయి. కూర్చున్నాయన ఎవరి వంకా చూడకుండా చెయ్యి చాపుతున్నాడు. రావమ్మత్త చాకు ఇచ్చింది. తాళంచెవి ఇవ్వబోయి, కుప్ప వంక చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇవ్వు రావమ్మా, బిళ్ల ఇస్తారుగా. ఏం పోదు” అన్నారు టీచరు.

“పోతే టీచరు గారూ? సాయంత్రానికి ఉప్పు కూడా అందులోనే ఉంది. నలభైమంది నోళ్లు.”

ఆమె భయం ఉత్తది కాదని నాకు తెలుసు. మూడు ట్రిప్పుల కిందట హరిద్వారంలో ఆమెకు జ్వరం వచ్చి, పప్పు తీసుకోమని తాళంచెవి ఎవరికో ఇస్తే అది చేతులు మారింది. ఎవరు ఎవరికిచ్చారో ఇప్పటికీ తెలియదు, సాయంత్రానికి పెట్టెలో నెయ్యి డబ్బా, పప్పు మూట లేవు. రెండు రోజులు యాత్రికులు పచ్చడి మెతుకులు తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు కానీ ఆమె ఆ రెండు రోజులూ ఎవరి ముఖమూ చూడలేదట. ఆనాటినుంచి తాళంచెవి తన రొంటిన ఉండాలి, లేకపోతే సొంతమనిషి చేతిలో ఉండాలి. మూడో చోటు లేదు.

వెనకనుంచి తోస్తున్నారు. మా యాత్రికులు చాలామంది అప్పటికే అవతల నిలబడి మా వంక చూస్తున్నారు. ఎల్లారావు గారు వాచీ చూసుకున్నారు. “రావమ్మా, వస్తావా రావా? తాళంచెవి ముఖ్యమా, పార్లమెంటు ముఖ్యమా?”

“రెండూనండీ” అంది ఆమె, అక్కణ్ణించి కదలకుండా.

“నేనుంటాను” అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే ఆమె “ఏంటే?” అని అడిగింది. “నేను బయట ఉంటాను అత్తా. తాళంచెవి నాకియ్యి.”

“నీ పేరు కూడా ఉంది గదే జాబితాలో.”

“ఉంది. బళ్లో చెప్పాల్సింది నువ్వు.”

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు నా ముఖం చూసింది. తర్వాత నా అరచెయ్యి తెరిచి, తాళంచెవి పెట్టి, నా వేళ్లు తనే మూసింది. “బయట గేటు కాడే ఉండు. ఎక్కడికీ కదలమాకు.” వెనక్కి చూడకుండా ఆ చట్రంలోంచి నడిచింది. ఈసారి అది మోగలేదు.

గేటు దగ్గర పోలీసు నన్ను రోడ్డు అవతలి పక్కకి పొమ్మన్నాడు. అక్కడ గోడ వారన నిలబడ్డాను. గుండ్రటి భవనం, చుట్టూ స్తంభాలు. ఎన్నో లెక్కపెట్టాలని చూశాను. వంపు తిరిగే చోట లెక్క పోయేది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేదాన్ని. గోడ మీద కోతులు తిరుగుతున్నాయి. తెల్ల అంబాసిడర్ కార్లు వచ్చినప్పుడల్లా గేటు తెరిచేవాళ్లు. నాకు కాస్త దూరంలో ఒక ముసలాయన కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అరచేతిలో తాళంచెవి చెమటకు తడిసింది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. చూడటానికి చాలానే ఉంది.

నాలుగింటికి వాళ్లు బయటికొచ్చారు. రావమ్మత్త రోడ్డు దాటి నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. తాళంచెవి తీసుకుని రొంటిన దోపుకుంది. ఆ తర్వాతే మాట్లాడింది.

“నలభై మూడు.”

“ఏంటి అత్తా?”

“ఆకులు. ఐదొందల పైచిలుకు కుర్చీలంట. కూర్చున్నది నలభై మూడు మంది. రెండుసార్లు లెక్కపెట్టా.”

“మిగతావాళ్లు?”

“టీచరు గారినడిగా. వేరే గదుల్లో మీటింగుల్లో ఉంటారంట, క్యాంటీన్లో ఉంటారంట, ఊళ్లకి పోయుంటారంట. ఏమో. నే పోయిన వేళకి లేరు.”

బస్సులో కూర్చున్నాక మిగతాది చెప్పింది. మేడ మీద మెట్ల వరసల్లా బల్లలు ఉన్నాయట. అక్కడ మాట్లాడకూడదు, ముందుకు వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. గంటసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ఊరికే కూర్చున్నానే మణెమ్మా. ఎన్నాళ్లయిందో అట్టా కూర్చుని” అంది. కింద పచ్చ తివాచీ నిజమే. ఎత్తైన కుర్చీ నిజమే, కానీ అందులో ఉన్నది ప్రధానమంత్రి కాదు, సభ నడిపే ఆయనట. ప్రధానమంత్రి అసలు లేడు. ఎవరూ చేతులు కట్టుకుని నిలబడలేదు. ఒకాయన కాగితం చూసి చదువుతుంటే ఇద్దరు కునుకు తీస్తున్నారు. ఆ తర్వాత ఒకావిడ లేచింది. ఏ రాష్ట్రమో తెలియదు, మాసిన రంగు చీర. ఆవిడ మాట్లాడుతుంటే చుట్టూ ఉన్న మగవాళ్లు అడ్డంపడ్డారు. పెద్ద కుర్చీలో ఆయన కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆవిడ కూర్చోలేదు. నోరు మూసుకుని నిలబడింది. వాళ్లు అరిచి అలిసిపోయాక, ఆపిన చోటునుంచే మళ్లీ మొదలుపెట్టింది.

“ఏం మాట్లాడింది?”

“నాకొచ్చిన హిందీ బజారు హిందీ. ‘పానీ’ అన్న మాట మాత్రం నాలుగైదుసార్లు వినపడింది. నీళ్ల కోసమే. చివరాఖరుకి మొత్తం చెప్పే కూర్చుంది” అంది.

“తలకిందుల ఫ్యాన్లో?”

“వేరే హాల్లో ఉన్నయ్యంట. ఉంటే ఉండొచ్చు. నేను చూళ్ళేదు.”

ఆ సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే ఆకులు పడ్డాయి. ఎల్లారావు గారు వాచీ చూసుకుని, కూర్చుని తిన్నారు.

ఆగస్టు పదిహేనున బడి ఆవరణలో జెండా ఎగరేశారు. ముందు వరసలో కుర్చీల్లో ఊరి పెద్దలు, వాళ్ల చివర ఇస్త్రీ చొక్కాతో నాంచారయ్య మావయ్య. పిల్లలు నేల మీద. నేను వేపకొమ్మలు కట్టిన గుంజ పక్కన ఆడవాళ్లలో నిలబడ్డాను. రావమ్మత్త అదే పచ్చ చీరలో వచ్చింది. బల్ల దగ్గర నిలబడగానే పెదవులు కదిలాయి. పిల్లల్ని లెక్కపెడుతోందని నాకొక్కదానికే తెలుసు.

“పిల్లలూ, పార్లమెంటు గురించి నేను ఇదివరకు మీ అమ్మలకి చాలా చెప్పా. అదంతా చూడకుండా చెప్పింది” అంది. “పదకొండుసార్లు పోయి కూడా చూళ్ళేదు, వంట చేసుకుంటా కూర్చున్నా. ఇప్పుడు చూసొచ్చా. ఇది రాసుకోండి.”

మావయ్య చొక్కా గుండీ వంక చూసుకున్నాడు. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. రావమ్మత్త ఆగలేదు. చూసింది చూసినట్టు చెప్పింది, నలభై మూడుతో సహా. ముందు వరసలో ఒక పెద్దాయనకు అది నచ్చలేదు.

“ఏంటమ్మా, పండగ పూట పిల్లలకి అట్టా చెప్పొచ్చా? నిండుగా ఉందని చెబితే ఏం పోయింది?”

“నాది వడ్డించే చెయ్యండీ. నలభై మూడు ఆకుల్ని ఐదొందలని చెబితే, మిగిలిన అన్నమంతా ఎక్కడ పొయ్యాలి?”

ఏడో తరగతి పిల్లలు రాసుకుంటున్నారు. ఆమె నీళ్ల గురించి నిలబడిన ఆవిడ సంగతి చెప్పింది. అప్పుడు పిల్లలు రాయటం ఆపి విన్నారు. పిల్లల్లో అందరికంటే ముందు కూర్చున్న అఫ్సా అనే పిల్ల చెయ్యెత్తింది.

“గేటు దగ్గర ఎలా ఉంటుందండీ? మామూలువాళ్లు అక్కడ నిలబడొచ్చా?”

రావమ్మత్త ఆలోచించింది. “అది నాకు తెలవదమ్మా. లోపలికి పోయే తొందర్లో నేను బయట చూళ్ళేదు.” ఆడవాళ్ల వైపు తిరిగింది. “గంటన్నర అక్కడ నిలబడ్డది మణెమ్మ. నా కోసం ఆగిపోయింది. బయట సంగతి దాన్నే అడగండి. అది చూసింది అది చెప్పుద్ది.”

అందరూ నా వంక తిరిగారు. గుంజ పట్టుకున్నాను. వేపాకులు కొన్ని రాలాయి. రావమ్మత్త బల్ల పక్కకు జరిగి, నాకు చోటిచ్చి నిలబడింది. మళ్లీ పిలవలేదు, ఎదురుచూసింది.

నడిచి వెళ్లాను.

“గేటు ఎదురుగా ఒక ముసలాయన ఉన్నాడు” అన్నాను. “ఆయన దగ్గర ప్లాస్టిక్ కవరులో కాగితాలున్నాయి. కారు వచ్చి గేటు తెరిచినప్పుడల్లా కాగితాలు పట్టుకుని లేచి నిలబడేవాడు. కారు ఆగలేదు. మళ్లీ కూర్చునేవాడు. నేనున్నంతసేపట్లో పదిహేడుసార్లు లేచాడు. నేను లెక్కపెట్టాను.”

అఫ్సా తలొంచుకుని రాసుకుంటోంది. ఆమె రాయటం అయ్యేదాకా ఆగి, స్తంభాల సంగతి మొదలుపెట్టాను.